పరిచయాల గది

పొద్దున ఎనిమిదిన్నరకి ఆసుపత్రి మూడో అంతస్తులో తన గది తలుపు తీసేది అక్కయ్య. తీయగానే మొదటి పని చేతులు కడుక్కోవడం. మోచేతుల దాకా, వేళ్ళ సందులతో సహా, ఎవరో వెనక నిలబడి మార్కులు వేస్తున్నట్టు కడుక్కునేది. తర్వాత గ్లవ్స్, గ్లవ్స్ మీద స్పిరిట్, ఆ తర్వాత ఇంక్యుబేటర్ తలుపు. లోపల ముప్ఫై ఏడు డిగ్రీల వెచ్చదనంలో, అరచేతిలో ఇమిడే గుండ్రటి డిష్‌లలో, గులాబీ రంగు ద్రవం కింద కణాల పొరలు పడుకుని ఉండేవి. ద్రవం గులాబీ రంగులో ఉందంటే వాటి కడుపు నిండుగా ఉన్నట్టు. పసుపుకి తిరిగిందంటే ఆకలన్నమాట. పసుపు డిష్ ఒక్కటి కంటపడితే చాలు, అక్కయ్య ఇంక ఎవరు పిలిచినా పలికేది కాదు. "అయ్యో అయ్యో, ఎప్పట్నుంచి పస్తున్నారర్రా" అనుకుంటూ పాత ద్రవం తీసేసి కొత్తది పోసేది.

ఎవరికి అక్కయ్య అని అడక్కండి. ఆపరేషన్లు చేసే సర్జన్ గారికీ అక్కయ్యే, నేల తుడిచే పెద్దాయనకీ అక్కయ్యే. ఆ పెద్దాయనకి డెబ్భై ఏళ్ళు, ఈవిడకి యాభై మూడు, అయినా అక్కయ్యే. కణాలు పెంచడంలో ఆవిడ చెయ్యి మంచిదని పేరు. కోపం కూడా పేరున్నదే.

ఆవిడ పెంచేవి కంటి కణాలు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే కణాలు నల్లగుడ్డు అంచున కాపురం ఉంటాయి. సున్నమో, యాసిడో పడి అవి చచ్చిపోయాయా, ఇక అద్దం మసకబారిపోతుంది. ఒక కన్ను బాగుంటే అందులోంచి కాసిని తెచ్చి రెండోదాంట్లో పెడతారు. రెండూ పోతే? అప్పుడు పరాయివాళ్ళవే దిక్కు. పోతూ పోతూ కళ్ళు దానం చేసిన పుణ్యాత్ముల కంటి అంచు నుంచి చిటికెడు కణాలు తీసి, అక్కయ్య రెండు మూడు వారాలు సాకి, పొరగా పెంచి ఇచ్చేది.

అక్కడే ఉంది అసలు తంటా. ఒంట్లో కాపలా కణాలుంటాయి, వాటికి మొహమాటం బొత్తిగా లేదు. గుమ్మంలో తెలియని మొహం కనిపిస్తే "ఎవరు నువ్వు, ఎవరి తాలూకు?" అని నిలదీస్తాయి, జవాబు నచ్చకపోతే మెడపట్టి గెంటేస్తాయి. ఆ కాపలావాళ్ళని జోకొట్టే మాత్రలు ఉన్నాయి. కానీ కాపలావాళ్ళు నిద్రపోతే ఊళ్ళో ఉన్న ప్రతి జలుబూ, ప్రతి జ్వరమూ తిన్నగా లోపలికొచ్చి కూర్చుంటాయి. ఆ మాత్రలు ఎంత తక్కువ వాడితే అంత మంచిదని సర్జన్ గారు రోజుకి పదిసార్లు అనేవాడు.

అందుకే ల్యాబు పక్కన పరిచయాల గది పెట్టారు. అందులో ఒక బల్ల, బల్ల మీద వెచ్చటి గాజుపెట్టె, పెట్టెలో డిష్, ఎదురుగా ఒక కుర్చీ. కన్ను బాగుచేయించుకోవలసిన మనిషి రోజూ పొద్దున్నే వచ్చి నలభై నిమిషాలు ఆ కుర్చీలో కూర్చుని, తన కంట్లోకి రాబోయే కణాలతో మాట్లాడాలి. పొర మొదట డిష్ మధ్యలో ఉలుకూ పలుకూ లేకుండా పడుకునేది. మనిషి నచ్చుతున్న కొద్దీ ఆ మనిషి వైపుకి కొంచెం కొంచెం జరిగేది. అంచుకి చేరి ఆనుకుని కూర్చుందంటే ఒప్పుకున్నట్టే. ఎంత జరిగిందో అక్కయ్య స్కేలుతో కొలిచి ఆ రోజు కాగితం మీద రాసేది, సర్జన్ గారు ఆ కాగితం చూసి ఆపరేషన్‌కి రోజు పెట్టేవాడు.

గది గోడకి అక్కయ్య స్వయంగా రాయించి తగిలించిన బోర్డు ఒకటి ఉండేది. "మెల్లగా మాట్లాడండి. మంచి మాటలే చెప్పండి. లోపలికి ఒక్కరే రండి." పదకొండేళ్ళుగా ఆ బోర్డు కింద ఎవరూ గొంతు పెంచలేదు. ఆ బోర్డంటే అక్కయ్యకి సొంత బిడ్డంత గారాబం.

ఆ సంవత్సరం ఆవిడకి తిండి సయించకుండా చేసిన మనిషి ఒక పెయింటరు. గోడలకి రంగులు వేసేవాడు, యాభై అయిదేళ్ళు ఉంటాయి. మూడేళ్ళ కిందట సున్నం బకెట్టు మీద పడి రెండు కళ్ళూ పోయాయి. ఎడమ కన్ను మీద ఎవరికీ ఆశ లేదు. కుడి కంట్లో మాత్రం లోపలంతా సవ్యంగా ఉంది, పైపొరే పాడైంది. దానికి రెండుసార్లు పొర వేశారు. రెండుసార్లూ నెల తిరక్కుండానే కన్ను ఎర్రబడి, నీళ్ళు కారి, పొర ఊడిపోయింది. ఇప్పుడు మూడోది. "ఈ కన్ను ఇంకొక్కసారికే ఓర్చుకుంటుంది అక్కయ్యా. ఈసారీ ఊడిపోతే అంతా మచ్చ కట్టేస్తుంది, ఇక నేను కాదు కదా ఎవరొచ్చినా చేసేదేం లేదు" అన్నాడు సర్జన్ గారు.

అక్కయ్యకి అంతుపట్టనిది ఏమిటంటే, ఆ పెయింటరు అంత బుద్ధిమంతుడు ఆ గదికి ఇంకొకడు రాలేదు. ఇస్త్రీ చొక్కా, తడిచేసి దువ్విన జుట్టు, మోకాళ్ళ మీద చేతులు. గొంతు గుమ్మం దాటి వినిపించేది కాదు. పొరలు కూడా అతనికి ఇట్టే లొంగేవి. మిగతావాళ్ళకి మూడు వారాలు పట్టేది, ఇతనికి పది రోజుల్లో అంచుకి చేరిపోయేవి. మరి ఇంటికెళ్ళాక ఏం గొడవ వస్తోంది? దాత కణాల టైపు ఇతనితో కలిసిందా లేదా అని మళ్ళీ పరీక్షించారు. కలిసింది. మాత్రలు పెంచారు, మనిషికి జ్వరాలు వచ్చాయి తప్ప లాభం లేదు. ద్రవం పాతదేమోనని అక్కయ్య సీసాలన్నీ మార్చేసింది. "నా చేతిలోనే ఏదో దోషం ఉంది" అని ఒకరోజు సింకు దగ్గర నిలబడి ఏడ్చింది కూడా.

పెయింటరు భార్య రోజూ అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, బయట వరండాలో బెంచీ మీద కూర్చునేది. పెద్దగా మాట్లాడేది కాదు. భర్తతో ఏదైనా చెప్పాలంటే దగ్గరికెళ్ళి, ముందు భుజం మీద చెయ్యి వేసి, అప్పుడు చెప్పేది. ఎంత మర్యాదైన జంట అనుకునేది అక్కయ్య.

మూడో పొరకి ఆపరేషన్ శుక్రవారం అని ఖాయమైంది. పొర అప్పటికే అంచుకి వచ్చేసింది. అంతకన్నా ఆగితే ముదిరిపోతుంది, ఇక పనికిరాదు.

సోమవారం పొద్దున పెయింటరు ఎప్పట్లాగే డిష్ ముందు కూర్చుని కబుర్లు మొదలుపెట్టాడు.

"నమస్కారమండీ. ఒంట్లో కులాసానా అండీ? నా సంగతి మీకు తెలిసిందే. నేను మితంగా మాట్లాడే మనిషిని. పాటలూ గీటలూ నాకు పడవు. ఒకళ్ళ జోలికి వెళ్ళను. ఇంట్లో ఏది వడ్డిస్తే అది తిని లేస్తాను. మీకు నా దగ్గర ఏ ఇబ్బందీ ఉండదండీ."

అప్పుడే తలుపు తెరుచుకుంది. అతను కంటిచుక్కల సీసా బెంచీ మీద మరిచిపోయాడు, చుక్కల వేళ దాటిపోతోందని భార్య దాన్ని పట్టుకుని వచ్చింది. ఆఖరి నాలుగు మాటలూ ఆవిడ చెవిన పడ్డాయి. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరండీ ఈయన?" అంది అక్కయ్యతో. "మా ఆయన్ని ఏం చేశారు?"

"అదేమిటమ్మా, మీ ఆయనే కదా."

"ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నానండీ, ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు. పాటలు పడవా? ఈయన వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో నాకు తెలిసిపోతుంది, ఆ కూనిరాగం అలా ఉంటుంది. ఏది వడ్డిస్తే అది తింటాడా? ఉప్పు తక్కువైతే ఈయన కేకలకి పక్కింటివాళ్ళు వచ్చి ఇచ్చి వెళ్తారు. ఒకళ్ళ జోలికి వెళ్ళడట! రేడియోతో దెబ్బలాడతాడండీ. వార్తలు చదివేవాళ్ళకి జవాబులు చెప్తాడు!"

పెయింటరు ఓర్చుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు బిగించి మరీ ఓర్చుకున్నాడు. కానీ రేడియో మాట దగ్గర అతని వల్ల కాలేదు.

"ఏమే! రేడియోతో దెబ్బలాడానా? తప్పు చెప్తుంటే వింటూ కూర్చోమంటావా? వాన పడుతుంటే ఎండ కాస్తుందని చదివాడు, వాడికి కిటికీ లేదా?"

ఆ గొంతుకి గాజుపెట్టె మూత గలగలలాడింది. నిజం చెప్పాలంటే అది చక్కటి గొంతు, నాలుగో అంతస్తు మీద ఉన్నవాడితో కింద నుంచి మాట్లాడి అలవాటైన గొంతు. కానీ డిష్‌లో పొర అంచు వదిలేసి, చాప చుట్టినట్టు చుట్టుకుపోయి, అవతలి గోడకి వెళ్ళి అంటుకుంది.

అక్కయ్య పరుగున వెళ్ళి చూసింది. పొర బతికే ఉంది, బెదిరిపోయి ఉంది. ఆవిడ చూపు పొర మీద నుంచి పెయింటరు మీదకి, పెయింటరు మీద నుంచి గోడకున్న బోర్డు మీదకి పోయింది. అంతా అర్థమైపోయింది.

"పెయింటరు గారూ, ఇంతకుముందు రెండుసార్లు కూడా ఇలాగే మాట్లాడారా?"

"మరి బోర్డు మీద అలా మాట్లాడమనే ఉందట కదా మేడమ్. మా ఆవిడే చదివి చెప్పింది."

ఇంటికి అద్దెకొచ్చేవాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు ఇంటాయన ఒక మాట మాట్లాడతాడు, సామాన్లు దించాక ఇంకోలా మాట్లాడతాడు. అలా ఉంది ఇతని వ్యవహారం. మెల్లగా మాట్లాడే పెద్దమనిషి కదా అని నమ్మి కణాలు అతని కంట్లో దిగాయి. ఇల్లు చేరగానే రేడియోతో యుద్ధం. బెదిరిపోయి కేకలు పెట్టి ఉంటాయి. కేకలు వింటే కాపలావాళ్ళు లేవరా మరి? తప్పు అతనిది కాదు, మాత్రలది కాదు. తప్పు తను రాయించిన బోర్డుది. అక్కయ్యకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సర్జన్ గారు వచ్చి, డిష్‌లోకి చూసి, తల పట్టుకున్నాడు. "శుక్రవారానికి నాలుగు రోజులే ఉంది అక్కయ్యా. మళ్ళీ ఆ మెత్తటి గొంతుతోనే మాట్లాడిస్తే అంచుకి వచ్చేస్తుందేమో?"

"వస్తుంది. నెలకల్లా ఊడిపోతుంది" అంది అక్కయ్య.

పెయింటరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గొంతు మళ్ళీ సన్నబడింది. "డాక్టరు గారూ, ఇక నుంచి నేను నిజంగానే ఇలా ఉండిపోతానండీ. పాడను. రేడియో అమ్మేస్తాను. చచ్చేదాకా ఇలాగే మాట్లాడతాను. నాకు కన్ను కావాలండీ. గోడ చూడకపోతే నాకు పిచ్చెక్కుతోంది."

భార్య వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. "మూడు రోజులు ఉండలేవు నువ్వు" అంది. "ఉన్నా నాకొద్దు. చూపొచ్చి మనిషి పోతే, ఆ వచ్చినాయనతో నేనేం మాట్లాడను?"

"ఉన్న మనిషినే పరిచయం చేద్దాం" అంది అక్కయ్య. "ఉన్నదున్నట్టు. నచ్చితే నచ్చుతాడు."

"నచ్చకపోతే?" అన్నాడు పెయింటరు. గురువారం పన్నెండు గంటలకి చూసి నిర్ణయిద్దామన్నాడు సర్జన్ గారు.

మంగళవారం ఆ గదిలో జరిగిన అవస్థ చూస్తే శత్రువుకి కూడా జాలేస్తుంది. ఉన్నదున్నట్టు ఉండమంటే ఎవరైనా ఎలా ఉంటారు? పెయింటరు ఇస్త్రీ చొక్కా మానేసి రంగుల మరకల చొక్కా తొడుక్కొచ్చాడు, కానీ కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. "పాడవయ్యా" అంది భార్య. "ఇలా అందరూ చూస్తుంటే రాదే" అన్నాడు. "నలుగురు చూడకపోతేనే కదా నీకు రానిది!" అంది. దగ్గాడు. వాతావరణం గురించి రెండు మాటలు చెప్పాడు. పొర ఇంకాస్త బిగించి చుట్టుకుంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక అక్కయ్య స్టూలెక్కి బోర్డు తీసేసింది. మేకు ఊడి రాలేదు, అక్కడే ఉండిపోయింది. బోర్డు వెనక గోడ చతురస్రంగా, తక్కిన గోడకన్నా ముదురుగా కనిపించింది.

బుధవారం పెయింటరు వచ్చేసరికి అక్కయ్య ఒక రంగుల కార్డు పట్టుకుని కూర్చుంది. "మా వంటింటికి రంగు వేయించాలి. ఈ బూడిదరంగు బాగుంటుందంటున్నారు, మీరేమంటారు?" అని అమాయకంగా అడిగింది.

"వంటింటికి బూడిదరంగా?" పెయింటరు అదిరిపడ్డాడు. "ఏ దరిద్రుడండీ మీకు చెప్పింది? మధ్యాహ్నానికి చీకటి గుయ్యారంలా ఉంటుంది! మీ వంటిల్లు ఏ దిక్కు? కిటికీ ఎటు? గోడకి చెమ్మ ఉందా?"

"తూర్పు కిటికీ అండీ."

"అయితే లేత పసుపు వెయ్యాలి."

"పసుపు వద్దండి, మరకలు కనిపిస్తాయి. ఆకుపచ్చ వెయ్యాలి" అంది భార్య.

"నీకు రంగుల గురించి ఏం తెలుసే? మన ఇంటికి నువ్వు ఎంచిన ఆకుపచ్చ చూసి మందులషాపనుకుని లోపలికొచ్చారు జనం!"

"ఒక్కడొచ్చాడు! ఒకే ఒక్కడు!"

ఇక ఆగలేదు. నలభై నిమిషాల్లో అతను ఏడంతస్తుల మేడకి ఒక్కడే రంగు వేసిన వైనం చెప్పాడు (భార్య నాలుగంతస్తులే అంది), ఒక ఇంటాయన ఎంచిన రంగు నచ్చక వేరే రంగు వేసి తన్నులు తినబోయిన వైనం చెప్పాడు, మధ్యలో తనకి తెలియకుండానే కూనిరాగం తీశాడు, బల్ల మీద దరువు వేశాడు. నేల తుడిచే పెద్దాయన తుడుపుకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. అక్కయ్య కళ్ళు మాత్రం డిష్ మీదే ఉన్నాయి. పొర ఒక కొస విప్పింది. తర్వాత ఇంకో కొస. దరువు ఊపందుకునేసరికి పూర్తిగా పరుచుకుని డిష్ మధ్యకి వచ్చేసింది. అక్కయ్యకి ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ మధ్యలోనే ఆగిపోయింది.

"అసలు ఆ సున్నం ఎలా పడిందండీ?" అని గుమ్మంలోంచి పెద్దాయన అడిగాడు.

"అదా? రెండు నిచ్చెనల మధ్య పలక మీద నిలబడి ఉన్నాను. ఎవరో పిలిచినట్టనిపించి వెనక్కి తిరిగాను, బకెట్టు ఒరిగిపోయింది" అన్నాడు పెయింటరు. భార్య తల దించుకుంది. అక్కయ్య స్కేలు పెట్టి కొలిచింది. పొర రెండు మిల్లీమీటర్లు వెనక్కి పోయింది.

అక్కయ్య ఆ అంకె కాగితం మీద రాసుకుంది. గురువారం పొద్దున, పన్నెండుకి ఇంకా మూడు గంటలుందనగా, తలుపు దగ్గరగా వేసి భార్యాభర్తలిద్దరి ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా" అంది. అలా పిలవడం అదే మొదలు. "నిన్న మీరు ఇంటాయన కథ చెప్పినప్పుడు ఇది ముందుకొచ్చింది. మేడకి మూడంతస్తులు కలిపినప్పుడు కూడా ముందుకే వచ్చింది, గొప్పలు చెప్తే దానికి పట్టింపు లేదు. సున్నం సంగతి చెప్పినప్పుడు మాత్రం వెనక్కి పోయింది. ఎందుకో నాకు తెలీదు. మీకు తెలిసి ఉంటుంది."

పెయింటరు బల్ల అంచుని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"నన్ను ఎవరూ పిలవలేదు" అన్నాడు చివరికి.

భార్య తలెత్తింది. "నేను పిలిచాను. అన్నం తెచ్చి గేటు దగ్గర నిలబడి, 'ఏమయ్యా' అని పిలిచాను. తలెత్తేసరికి నీ ఒళ్ళంతా సున్నం."

"నువ్వు గేటు దగ్గరికి రాకముందే పడిందే. వీధి మలుపులో నువ్వు వస్తుండడం పైనుంచి చూశాను. నిన్ను నవ్విద్దామనుకున్నాను. బకెట్టు నెత్తిమీద పెట్టుకుని ఆ పలక మీద డాన్సు చేశాను. నువ్వు తలెత్తి చూసేలోపే జారింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న పెయింటరు నెత్తిన సున్నం పెట్టుకుని గెంతాడంటే నలుగురూ నవ్వుతారని, ఎవరో పిలిచారన్నాను. నువ్వే పిలిచావని నువ్వనుకుంటావని నాకు తట్టలేదే. తర్వాత తట్టింది. అప్పటికి చెప్పడానికి నోరు రాలేదు."

భార్య చేతిలో ఉన్న సంచీతో అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

"మూడేళ్ళు!" అని అరిచింది. "మూడేళ్ళుగా నేను ఒక్కరిని, ఒక్కరిని కూడా దూరం నుంచి పిలవలేదయ్యా! ఇల్లు కాలిపోతున్నా వెళ్ళి భుజం తట్టి చెప్పేలా తయారయ్యాను! నీ కళ్ళు నేనే తీశానని, నేనే తీశానని..." మాట ముందుకి పోలేదు. రెండోది ఇచ్చింది. మూడోదానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, "నెత్తిమీద బకెట్టా?" అంది.

"ఊఁ."

"ఎలా గెంతావు?"

అతను లేచి నిలబడ్డాడు. కళ్ళు కనపడని మనిషి, రంగుల చొక్కాలో, లేని బకెట్టుని రెండు చేతులా నెత్తిన పట్టుకుని, నడుం ఊపుతూ, ఆ ఇరుకు గదిలో అటు నాలుగడుగులూ ఇటు నాలుగడుగులూ వేసి చూపించాడు. కుర్చీ తన్నుకుని పడబోయి బల్ల పట్టుకున్నాడు.

భార్య నవ్వింది. మొదట ఆపుకోబోయింది, కానీ ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ నవ్వి, చివరికి నేల మీద చతికిలబడి భోరుమని ఏడుస్తూ నవ్వింది. అక్కయ్యకి కూడా పొట్ట చెక్కలైంది. ఆ అంతస్తులో అక్కయ్య నవ్వు అంత పెద్దదని ఎవరికీ తెలీదు, నర్సులు గదుల్లోంచి తొంగిచూశారు.

తేరుకుని డిష్ వైపు తిరిగేసరికి కొలవడానికి ఏమీ మిగల్లేదు. పొర పెయింటరు వైపు అంచుకి వచ్చి, అక్కడితో ఆగక, డిష్ గోడ మీదకి సగం పాకేసి ఉంది.

"సర్జన్ గారూ!" అని వరండా పొడుగునా వినపడేలా కేకేసింది అక్కయ్య.

శుక్రవారం ఆపరేషన్‌కి ఇరవై నిమిషాలు పట్టింది. తన చేత్తో పరచకముందే పొర తన చోటు తనే చూసుకుని సర్దుకుందని సర్జన్ గారు కాగితం మీద రాశాడు.

ఆ తర్వాత అసలు పరీక్ష. వారం వారం కట్టు మార్చి దీపం వేసి చూసేవాళ్ళు, అతనికి ఇంకా మసకగానే ఉండేది. ఇరవై అయిదో రోజు దాటినప్పటి నుంచీ అక్కయ్య ఫోను పక్కనే పెట్టుకుని తిరిగింది. అంతకుముందు రెండు పొరలూ ఇరవై ఎనిమిది, ముప్ఫై రోజుల మధ్యే ఊడిపోయాయి. ఇరవై తొమ్మిదో రోజు ఆగలేక తనే ఫోన్ చేసింది. "ఎలా ఉన్నారు మావాళ్ళు?" అనడిగింది, పెళ్ళిచేసి పంపిన పిల్లని అడిగినట్టు. అవతలి నుంచి ముందు రేడియో వినిపించింది, దాని మీద పెయింటరు గొంతు, దాని మీద అతని భార్య గొంతు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కన్ను ఎర్రబడిందా, నీళ్ళు కారుతున్నాయా అని అడగబోయిన అక్కయ్య, ఆ గోల కాసేపు విని, ఏమీ అడక్కుండా ఫోన్ పెట్టేసి వెళ్ళి అన్నం తింది.

నలభయ్యో రోజు మాత్రలు సగం తగ్గించారు. ఏమీ కాలేదు. మూడో నెలలో సర్జన్ గారు దీపం వేసి, ముందుకి వంగి, చాలాసేపు చూసి, వెనక్కి వాలాడు. "కాపలావాళ్ళు అందరూ మెలకువగానే ఉన్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. ఇక మాత్రలు పూర్తిగా ఆపేయండి" అన్నాడు. తర్వాత కొత్త అద్దాలు అతని ముక్కు మీద పెట్టాడు.

అక్కయ్య పరిచయాల గదిలో బల్ల తుడుస్తోంది. వరండాలోంచి గొంతు ముందుగా వచ్చింది.

"ఈ గోడకి రంగు వేసినవాడెవడండీ? వాణ్ణి నాకోసారి చూపించండి! అడుగు గోకకుండానే పూసేశాడు, ఇదిగో, ఇక్కడ బుడగలు, ఇదిగో, ఇక్కడ కుంచె గీతలు! ఆసుపత్రా ఇది, గొడ్లపాకా?"

గోడ పట్టుకోకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచొచ్చాడు పెయింటరు. గుమ్మంలో ఆగి అక్కయ్య వైపు చూశాడు, పైకి చూశాడు, మళ్ళీ కిందకి చూశాడు.

"అక్కయ్యగారు మీరేనా? నేను ఆరడుగుల మనిషనుకున్నానండీ ఇన్నాళ్ళూ!"

"పోన్లెండి, ఇప్పుడు తెలిసిందిగా" అంది అక్కయ్య. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. ఆవిడకి అంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెనకాలే భార్య వచ్చింది. పెయింటరు ఆవిడ రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు మొహం మీద పడేలా నిలబెట్టాడు. గోడ సంగతి మరిచిపోయాడు. ఆవిడ కాసేపు ఓపిక పట్టింది, తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది.

"ఏం చూస్తావయ్యా అంతసేపు? జుట్టంతా నెరిసిపోయింది, ముసలిదాన్నైపోయాను. పద పోదాం."

"ఉండవే" అన్నాడు. "ఇంకా సగం కూడా చూడలేదు."

అక్కయ్య తలుపు మెల్లగా దగ్గరికి వేసి వరండాలోకి వచ్చింది. బెంచీ మీద తన వంతు కోసం ఒక ఆవిడ కూర్చుని ఉంది, కొత్త మనిషి, వేళకి వచ్చింది.

"ఇంకాస్త సేపు పడుతుందమ్మా" అంది అక్కయ్య, ఆవిడ పక్కన కూర్చుంటూ. "గది ఖాళీ లేదు."